కెంపుకు ఎరుపెక్కడిది?

కెంపులోని ఎరుపు నిజానికి మలినం. కురువిందం అనే ఖనిజం స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. ఉండేదల్లా అల్యూమినియం, ఆక్సిజన్. స్ఫటికం పెరిగేటప్పుడు అల్యూమినియం ఉండాల్సిన చోట్లలో నూటికి ఒకటి, తరచూ అంతకన్నా తక్కువే, క్రోమియం చేరితే అది కెంపు. ఇనుము, టైటానియం కలిసి చేరితే నీలం. చిత్రమేమంటే, బెరిల్ అనే మరో ఖనిజంలో చేరిన ఇదే క్రోమియం పచ్చకు ఆ పచ్చదనాన్ని ఇస్తుంది. చుట్టూ ఉన్న పరమాణువుల బిగువును బట్టి క్రోమియం ఏ కాంతిని మింగుతుందో మారిపోతుంది.

కెంపులో అది ఊదా కాంతినీ, పసుపు-ఆకుపచ్చ కాంతినీ మింగుతుంది. అంతటితో ఆగితే కెంపు ఒట్టి ఎర్రరాయి. మింగినదాంట్లో కొంత 694 నానోమీటర్ల ఎర్రని వెలుగుగా తిరిగి వదులుతుంది. అందుకే మంచి కెంపు ఎండలో రాజుకున్న నిప్పుకణికలా కనిపిస్తుంది. 1960లో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించింది ఈ గుణంతోనే, కృత్రిమ కెంపు కడ్డీతో.

ఆ వెలుగుకు శత్రువు ఇనుము. కెంపు ఏ ఊరిదన్న ప్రశ్నకు అంత విలువ రావడానికి ఒక కారణం ఇదే. మయన్మార్‌లోని మొగోక్ కెంపులు పాలరాతిలో పుట్టాయి. ఒకప్పుడు టెథిస్ సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి, భారత భూఫలకం ఆసియాను ఢీకొన్నప్పుడు నలిగి, ఉడికి పాలరాయి అయింది. అందులో సిలికా తక్కువ. లేకుంటే అల్యూమినియం దానితో కలిసి వేరే ఖనిజమైపోయేది. ఇనుమూ తక్కువే, కాబట్టి వెలుగు ఆరలేదు. థాయిలాండ్‌లో బసాల్ట్ లావా పైకి మోసుకొచ్చిన కెంపుల్లో ఇనుము ఎక్కువ, ఎరుపు ముదురు.

మొజాంబిక్‌లోని మోంటెప్యూజ్ నిక్షేపాలు 2009లో బయటపడ్డాక మొగోక్ ఏకఛత్రాధిపత్యం సడలింది. అక్కడి 55.22 క్యారెట్ల కెంపు 2023లో న్యూయార్క్ వేలంలో 3.48 కోట్ల డాలర్లు పలికింది.

ఎర్రగా ఉన్నదల్లా కెంపు కాదు. బ్రిటిష్ కిరీటంలోని ‘బ్లాక్ ప్రిన్స్ కెంపు’ అసలు స్పినెల్. ధ్రువిత కాంతిలో తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది: కెంపు ఒక దిశలో ఊదా ఎరుపు, మరో దిశలో నారింజ ఎరుపు చూపిస్తుంది, స్పినెల్ ఎటు తిప్పినా ఒకటే. రాజులకే ఆ తేడా తెలియలేదు, మనల్ని మనం తప్పుపట్టుకోనక్కర్లేదు!

కృత్రిమ కెంపు సంగతి వేరు. 1902లో ఫ్రెంచి రసాయనవేత్త వెర్నోయ్ ప్రకటించిన పద్ధతిలో అల్యూమినా పొడిని మంటలోంచి రాల్చి కొద్ది గంటల్లో కెంపు పెంచవచ్చు. హెచ్ఎంటీ జనతా గడియారం ముఖం మీద రాసి ఉండే ‘17 జ్యూవెల్స్’ ఇలాంటివే. గట్టిదనంలో వజ్రం తర్వాతి వరుస కాబట్టి వాటిలో తిరిగే ఇరుసులు త్వరగా అరగవు. భూతద్దంలో చూస్తే కృత్రిమ కెంపులో వంపు తిరిగిన గీతలో, గాలిబుడగలో కనిపించవచ్చు. సహజ కెంపులోనైతే తరచు రూటైల్ సన్నని సూదులు నిర్ణీత కోణాల్లో అల్లుకుని ఉంటాయి. దీన్నే రత్నాలవాళ్లు ‘సిల్క్’ అంటారు.

కొనేటప్పుడు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది మూడో రకంతో. పగుళ్లు నిండిన చవక కురువిందంలోకి సీసపు గాజు కరిగించి నింపుతారు, పైకి నిగనిగలాడుతుంది. పక్కకు వంచి చూస్తే పగుళ్ల దగ్గర నీలి మెరుపు కనిపించవచ్చు. నగకు టంకం పెట్టించాలంటే ముందు రాయిని తీయించాలి, వేడికి గాజు తట్టుకోదు. మెరుస్తుందని నిమ్మరసంతో తోమినా ఆ గాజు తినేసుకుపోయి, పాత పగుళ్లు మళ్లీ పైకి తేలతాయి.