కంటి ఎరుపు – చల్లని చుక్కల చాటున ముప్పు

కండ్లు ఎర్రబడితే మనలో చాలామంది ముందుగా పోయేది డాక్టరు వద్దకు కాదు, మందుల షాపుకు. 2023 వానకాలంలో తెలంగాణ అంతటా కండ్లకలక వ్యాపించినప్పుడు కూడా ఎందరో చేసినది ఇదే. "కండ్లు మండుతున్నయి, ఏదన్న చుక్కల మందియ్యండి" అంటే చేతికి వచ్చే సీసాలో ఒక్కొక్కసారి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు చుక్కలు వేయగానే ఎరుపు తగ్గి హాయి అనిపిస్తుంది. ముప్పంతా ఆ హాయిలోనే ఉన్నది.

ఎరుపు, వాపు చాలాసార్లు రోగక్రిమితో శరీరం చేసే పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాడే సైన్యాన్ని వెనక్కు పిలుస్తుంది. శత్రువు వైరస్ అయితే ఇక దానికి అడ్డెవరు?

హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్‌నే చూడండి. జ్వరం వచ్చినప్పుడు పెదవి మీద పొక్కులు లేపేది ఇదే. చాలామందిలో చిన్ననాడే ప్రవేశించి, ముఖానికి వచ్చే నరాల ముడిలో ఏండ్ల తరబడి నిద్రపోతుంది. ఎప్పుడో మేలుకొని నల్లగుడ్డు మీది కార్నియాకు చేరితే చెట్టుకొమ్మల వంటి పుండు పుడుతుంది. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుగులో పరీక్షిస్తే డాక్టరుకు ఆ కొమ్మలు పచ్చగా మెరుస్తూ కనబడతాయి. అట్టి కంట్లో వైరస్ మందు లేకుండా స్టెరాయిడ్ మాత్రమే వేస్తే పుండు దేశపటంలా పరచుకుంటుంది. మానినా మచ్చ మిగిలి చూపు మసకబారవచ్చును.

మరి స్టెరాయిడ్ విషమా? కానే కాదు. కంటి నడిమి పొర వాచే యువైటిస్‌లో చాలాసార్లు శరీరపు సైన్యమే సొంత ఇంటి మీద పడుతుంది. దానిని అణచకపోతే చూపే పోవచ్చును. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే శుక్లాలు, నీటికాసులు వచ్చే భయం ఉన్నందున, కొందరికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల ఫలమే ఆ మందు.

కాని యువైటిస్‌కు సైతం హెర్పిస్, అమ్మవారు వైరస్‌లు కారణం కావచ్చును. అందుకే అనుమానం ఉంటే కంటిలోని నీటిచుక్క తీసి పరీక్షిస్తారు. వైరస్ తేలితే ముందు ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడతారు. అడాలిముమాబ్ ఇంజెక్షన్‌కు ముందు క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు చేసేదీ, దాగిన రోగం తిరగబెట్టకూడదనే. ఈ మందులు వాడేవారు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. భయపడి మాత్రలు ఒక్కసారిగా మానరాదు.

కంట్లో నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం వద్దు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రి మనకు దగ్గరే. పెద్ద పరీక్ష కావలసివస్తే హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నది. మందుల ఫ్యాక్టరీలు మన జడ్చర్ల పక్కన పోలేపల్లిలోనే ఉన్నవి. మందును గురించిన తెలివి కూడా మన ఇండ్లలో ఉండాలి కదా! అల్మారాలోని పాత చుక్కల సీసాను తీసి పారవేయించే బాధ్యత చదువుకుంటున్న మనదే.