సైకిలు టైరు నెన్నుకొనుట

స్త్రీలు తమ పనులకు తామే సైకిలుపై పోవుట నేడు వింత కాదు. 2006వ సంవత్సరమున బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకై ధనమిచ్చు పథకమును ప్రారంభింపగా, దూరగ్రామములనుండి ఉన్నతపాఠశాలలకు వచ్చు బాలికల సంఖ్య హెచ్చినది. మన ప్రాంతములందును బాలికలు, ఉపాధ్యాయినులు, ఆరోగ్యకేంద్రములలో పనిచేయు స్త్రీలు ప్రతిదినమును సైకిలుపై పోయివచ్చుచున్నారు. సైకిలు కొనునపుడు రంగును, బుట్టను, గంటను శ్రద్ధతో చూతుము. నేలను తాకునది టైరొక్కటే. దానిని మాత్రము అంగడివాని యిష్టమునకు విడిచిపెట్టుదుము. తారురోడ్డును, కంకరబాటయు కలిసిన దారిని పోవువారి కిది తగదని మా యభిప్రాయము.

మే మెఱిగిన యొక యుపాధ్యాయిని తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్న బడికి సైకిలుపై పోవుచుండెను. దారి సగము తారు, సగము మొరము పఱచిన డొంక. ఒక మాసములో మూడుమాఱులు ముల్లు దిగి గాలి పోయినది. మూడవమాఱు చీకటిపడువేళ, మనుష్యసంచారము లేని చోట, ఆమె యొంటరిగా సైకిలును నడిపించుకొని యిల్లు చేరినది. ఆ రాత్రియే పెద్దలు సైకిలు వలదనిరి. నాటినుండి ఆమె జీతములో కొంత ఆటోకు పోవుటయే గాక, ఆటో వచ్చినపుడే వెళ్లుట, అది రాని దినమున సెలవు పెట్టుట సంభవించినది. ముల్లు దిగినది టైరులో. నష్టము కలిగినది ఆమె స్వాతంత్ర్యమునకు.

మన దారులలో సైకిలునకు ముఖ్యశత్రువులు రెండు: సర్కారుతుమ్మ ముల్లు, పల్లేరుకాయ. వైద్యగ్రంథములు గోక్షురమని పేర్కొను పల్లేరు మనకు మందుగా పరిచితమే. దాని కాయ విడిపోయి యెట్లు పడినను ఒక ముల్లు పైకి నిలుచును. ఈ మొక్కయే అమెరికా పశ్చిమరాష్ట్రములకు చేరి, అచటివారిచేత ‘పంచరు తీగ’ యని పిలువబడుచున్నది.

గాలి నింపిన టైరు పుట్టుక కొక బాలుడు కారణము. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపును తగ్గించుటకై గాలి టైరును చేసి, 1888లో దానికి హక్కుపత్రము పొందెను. అంతకు పూర్వమే, 1840 దశకమున, రాబర్ట్ విలియం థామ్సన్ ఇట్టిదానినే కనిపెట్టినను అది వ్యాప్తికి రాలేదు. మనము వాడు సైకిళ్లలో గాలిని పట్టియుంచునది లోపలి ట్యూబు. దానిని కాపాడునది పైటైరు. ట్యూబులెస్ విధానమున ట్యూబే యుండదు. టైరు అంచు రిమ్ముకు బిగువుగా నంటుకొని, రిమ్ములోని పుల్లల రంధ్రములను ప్రత్యేకమైన టేపు మూసివేయగా, గాలి టైరులోనే నిలుచును. 1999 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు కంపెనీలైన మావిక్, హచిన్సన్, మిషెలిన్ కొండదారుల సైకిళ్లకు ఈ విధానమును అమ్మకమునకు తెచ్చినవి. పిమ్మట అది రోడ్డు సైకిళ్లకును వచ్చినది.

దీనివలన లాభములు రెండు. టైరులో సీలెంటు అను ద్రవమును పోయుదురు. వీనిలో పెక్కింటికి మూలము రబ్బరు పాలు. ముల్లు దిగినచోట గాలితోపాటు ద్రవము బయటికి వచ్చుచు గడ్డకట్టి రంధ్రమును పూడ్చును. మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రము సాధారణముగా క్షణములలో మూసికొనును; పెక్కుమాఱులు త్రొక్కువారికి తెలియనైన తెలియదు. రెండవది గాలి యొత్తిడిని గూర్చినది. కంకరపై గట్టిచక్రము ఎగిరెగిరి పడును. కొంచెము మెత్తనిది రాతిని తనలో నిముడ్చుకొని సాగును. ట్యూబున్నపుడు గాలి తగ్గించినచో రాతికిని రిమ్మునకును నడుమ ట్యూబు నలిగి ప్రక్కప్రక్కనే రెండు చోట్ల తెగును. ట్యూబే లేనపుడు ఆ భయము లేదు. కావున ముండ్లును, కంకరయు గల దారికి ట్యూబులెస్ టైరు మిక్కిలి తగినది.

ఐనను కోరిన ప్రతి చక్రమునకు అది యమరదు. ముందుగా మీ టైరు ప్రక్కన అచ్చొత్తిన అంకెలను చదువుడు. 40-622 అని యున్నచో 40 టైరు వెడల్పు, 622 రిమ్ముపై టైరు కూర్చుండుచోటి వ్యాసము, రెండును మిల్లీమీటర్లు. అంగుళముల లెక్కను నమ్మరాదు. 26 అంగుళములని చెప్పు టైర్లలోనే 559, 584, 590 అను వేర్వేఱు కొలత లున్నవి. 28 × 1½ అని వ్రాసియుండు పాతరకపు పెద్ద సైకిలు చక్రము కొలత 635. 700సి యనునది 622. ఒకదాని టైరు మఱియొకదానికి పట్టదు. ట్యూబులెస్ టైర్లు ముఖ్యముగా 622, 584 కొలతలలోను, కొంతవఱకు 559లోను లభించును. కొలత సరిపోయినను, రిమ్ముకూడ ట్యూబులెస్‌కు తగినట్లు చేసినదై యుండవలెను. ఇది తేల్చుకొనకుండ టైరు కొనరాదు.

పిమ్మట వెడల్పు. దారి యించుమించు తారే యైనచో 32 మిల్లీమీటర్లు చాలును. సగము కంకర యైనచో 38 నుండి 42 వఱకు మేలు. పెద్దరాళ్లు, ఇసుక తఱచుగా నుండినచో 45 మంచిది. అయితే సైకిలు ఫోర్కులోను, మడ్గార్డు క్రిందను టైరుకు రెండు ప్రక్కల ఐదాఱు మిల్లీమీటర్ల సందు మిగులవలెను; లేనిచో బురద, చిన్నరాళ్లు ఇఱుకుకొనును. పైగీతల విషయమున నడిమి భాగము నునుపుగను, ప్రక్కలు చిన్న బొడిపెలతోను ఉండునది రెండు దారులకును పనికివచ్చును. పెద్దబొడిపెల టైరు తారుపై రొదచేయుచు, త్రొక్కుట కష్టమై, త్వరగా అఱుగును. కేవలము నున్ననిది మొరముపై మలుపులలో జాఱును. పందెములకు చేసిన పలుచని టైర్లను ప్రతిదినపు పనికి కొనక, లోపల రక్షణపొర గలవానిని కోరుడు.

గాలి యెంత పట్టవలెనన్న ప్రశ్నకు అందఱికి నొకే సమాధానము లేదు. 55 కిలోల బరువుగల స్త్రీ 40 మిల్లీమీటర్ల టైర్లపై చదరపు అంగుళమునకు ముందు సుమారు 30 పౌనులు, వెనుక 35 పౌనులతో మొదలుపెట్టవచ్చును. బరువులో ఎక్కువభాగము వెనుకచక్రముపై పడును గనుక ఈ భేదము. పుస్తకముల సంచి, కూరల బుట్ట యున్న దినమున మఱి రెండు మూడు పౌనులు చేర్చుడు. టైరుపైనను, రిమ్ముపైనను అచ్చొత్తిన మితిని మాత్రము దాటరాదు.

ట్యూబులెస్ అనగా శ్రమ లేదని కాదు. శ్రమ దారిలోనుండి యింటికి మాఱునని యర్థము. 40 మిల్లీమీటర్ల టైరునకు 60 నుండి 90 మిల్లీలీటర్ల ద్రవము కావలెను. అది క్రమముగా ఎండిపోవును. రెండు మూడు నెలలకొకమాఱు చూచి మరల పోయవలెను; మన వేసవిలో ఇంకను ముందే చూచుట మంచిది. మొదట టైరును రిమ్ముకు పట్టించుటకు ఒక్కసారిగా ఎక్కువ గాలి కావలెను గనుక, అంచుకు సబ్బునీరు రాచి, గాలియంత్రమున్న దుకాణమున బిగింపించుకొనుడు. పెక్కు ట్యూబులెస్ రిమ్ములకు సన్నని ప్రెస్టా వాల్వు ఉండును. పెట్రోలు బంకులోని గాలిగొట్టము దానికి పట్టదు. చిన్న యిత్తడి బిళ్ళ నొకదానిని మధ్య బిగించుకొనవలెను. దానిని సంచిలో నుంచుకొనుడు.

గాజుపెంకు కోసిన పెద్దగాటును ద్రవము పూడ్చలేదు. కాబట్టి ఒక ట్యూబును, చిన్న పంపును వెంట నుంచుకొనవలెను. ఆ ట్యూబును ఎక్కించుటకు ముందు టైరులోపల గుడ్డతో తుడిచి చూడవలెను. ద్రవము పూడ్చిన ముండ్లు అనేకము అచటనే నిలిచియుండును; చూడనిచో క్రొత్త ట్యూబు వెంటనే చిల్లులు పడును.

పైన చెప్పిన యుపాధ్యాయిని సైకిలు చక్రములు 622 కొలతవే, రిమ్ములును తగినవే. ఇంటివారు అంగీకరింపగా 40 మిల్లీమీటర్ల ట్యూబులెస్ టైర్లు వేయించినది. ఇప్పుడామె మరల సైకిలుపైననే బడికి పోవుచున్నది. వెనుకటైరున ఎండిన చుక్కలు కొన్ని కనబడును. అవి యెప్పుడు ఏర్పడినవో ఆమెకే తెలియదు.

635 లేక 590 కొలతగల సైకిలున్నవారు నిరాశ చెంద నక్కఱలేదు. రక్షణపొర గల మంచిటైరు, మందమైన ట్యూబు వేయించుకొనవచ్చును. మన పాతసైకిళ్ల వాల్వు పూర్తిగా ఊడివచ్చును గనుక, ట్యూబులకు తగిన ద్రవమును దానిద్వారానే పోయవచ్చును. పూర్తిగా తారుపైననే పోవువారికి, దారిలో రెండు మూడు పంచరు దుకాణములున్నవారికి ట్యూబే తక్కువ ఖర్చుతో పని నెఱవేర్చును.

కాబట్టి సోదరీమణులారా, దుకాణమునకు పోవుటకు ముందు ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాసికొనుడు: చక్రము కొలత, దారిలో కంకరభాగమెంత, చీకటిపడిన పిమ్మట ఒంటరిగా పోవలసిన దూరమెంత. మూడవదాని విలువ అంగడివానికి తెలియదు. అది హెచ్చుగా నున్న యింట టైరుకు పెట్టు సొమ్మును విలాసమని యెంచక, పిల్ల చదువునకో, కోడలి యుద్యోగమునకో పెట్టినట్లే యెంచవలెను.