పొగ నుంచి పెట్రోలు తీస్తామంటే నమ్మొచ్చా?

గత ఎపిసోడ్ విన్నాక షార్జా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని పెట్రోలు చేసే లోహప్పొడి కనిపెట్టారంట. కరెంటు కూడా అక్కర్లేదంట. రెండు నెలల జీతం పెట్టమంటున్నారు. పెట్టనా?"

పెట్టకు తమ్ముడూ. ఎందుకో చెప్తా.

లోహం సంగతి అబద్ధం కాదు. కార్బన్ డయాక్సైడ్ తిన్నగా ఉండే అణువు: నడుమ కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్. మహా మొండిది. కాలాల్సిందంతా కాలిపోయాక మిగిలే బూడిద లాంటిది. దాన్ని కదిలించాలంటే ముందు వంచాలి. ఇటలీలో మిషెలె అరెస్టా బృందం 1975లో ఆ వంపును చూపించింది. ఫాస్ఫీన్లు పట్టుకుని ఉన్న నికెల్ పరమాణువు తన ఎలక్ట్రాన్లను కొంచెం ఆ అణువులోకి తోస్తుంది. దాంతో 180 డిగ్రీల తిన్నని అణువు దాదాపు 133 డిగ్రీలకు వంగిపోయింది, ఒక కార్బన్-ఆక్సిజన్ బంధం కాస్త సాగింది. ఇలా సడలితే వేరే పరమాణువులు అతుక్కోవడం తేలిక.

కానీ లోహం దారి సులువు చేస్తుందంతే, ఖర్చు మాత్రం అది కట్టదు. బూడిదను మళ్లీ కట్టె చేయాలంటే, కాలినప్పుడు పోయిన శక్తి తిరిగి పెట్టాల్సిందే కదా. మిథనాల్ ప్లాంట్లలో రాగి-జింకు ఉత్ప్రేరకం ఉన్నా 200 డిగ్రీలు దాటిన వేడి, 50 బార్లకు తగ్గని ప్రెజరు, బోలెడు హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ని నీళ్ల నుంచి తీయాలన్నా కరెంటే దిక్కు.

వాళ్లని ఒక్కటే అడుగు: "హైడ్రోజన్ ఎక్కణ్ణుంచి తెస్తున్నారు?" ఏం చెప్పారో వాయిస్ పంపు, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తా.