అంటార్కిటికా గడప కేప్ టౌన్

అంటార్కిటికాకు వెళ్లే ఓడలు, విమానాలు ప్రధానంగా ఐదు నగరాల నుంచి బయలుదేరతాయి. ఆస్ట్రేలియాలో హోబర్ట్, న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్, చిలీలో పుంటా అరెనస్, అర్జెంటీనాలో ఉషువాయా, దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్. వీటిలో అన్నిటికన్నా వెచ్చని ఊరు కేప్ టౌన్. అది సుమారు 34 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. జనవరిలో అక్కడ నడివేసవి. పగటి ఉష్ణోగ్రత 26 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. మంచుఖండం అక్కడికి దక్షిణాన దాదాపు 4,000 కిలోమీటర్ల దూరం. విమానంలో ఆరు గంటలు పడుతుంది. ఓడలో అయితే, మంచు దారి ఇస్తే, పది రోజులు. భారత పరిశోధన కేంద్రమైన మైత్రికి మన బృందాలు విమానంలో వెళ్లేది ఈ నగరం మీదుగానే. బయలుదేరే ముందు దొరికే రెండు మూడు రోజుల్లో ఊరు తిరిగి చూసేవారికి ఇక్కడి తోట, కొండ, గాలి, నీరు అన్నీ ధ్రువయాత్రకు తొలిపాఠాలే.

కూరగాయల మడి

ఈ ఊరు పుట్టిందే ఓడల కోసం. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ వాన్ రీబెక్ ఇక్కడ దిగి, ఆసియాకు వెళ్లే ఓడలకు కూరగాయలు, పండ్లు, మంచినీరు అందించడానికి తోట వేయించాడు. నగరం నడిబొడ్డున కంపెనీస్ గార్డెన్ పేరుతో అది నేటికీ ఉంది. నెలల తరబడి ఎండుమాంసం, రొట్టె తిని బతికే నావికులను స్కర్వీ వ్యాధి పీడించేది. చిగుళ్లు వాచి రక్తం కారేది, పాత గాయాలు మళ్లీ తెరుచుకునేవి. కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ తయారీకి సి విటమిన్ అవసరం. మనిషి శరీరం దానిని సొంతంగా తయారుచేసుకోలేదు. ఉసిరి, నిమ్మ, ఆకుకూరల వంటి తాజా ఆహారం నుంచే అది అందాలి. ఈ కారణం తెలియకముందే తాజా కాయగూరలతో జబ్బు నయమవుతుందని నావికులు అనుభవంతో గ్రహించారు. 1901లో కేప్ టౌన్‌లో ఆగి దక్షిణానికి సాగిన ధ్రువాన్వేషకుడు స్కాట్ ఓడ డిస్కవరీ బృందంలో కూడా మరుసటి ఏడాది స్కర్వీ కనిపించింది. సీల్ జంతువుల తాజా మాంసం తిన్నాకే వారు కోలుకున్నారు.

కొండ మీద తెల్లగుడ్డ

ఊరికి వెన్నుదన్నుగా నిలిచినది 1,085 మీటర్ల ఎత్తున్న టేబుల్ మౌంటెన్. బల్లలా చదునైన దాని శిఖరం మీద వేసవిలో తరచుగా తెల్లని మేఘం పరుచుకుంటుంది. స్థానికులు దానిని టేబుల్‌క్లాత్ అంటారు. ఆగ్నేయం నుంచి వీచే గాలి ఫాల్స్ బే సముద్రం మీద తేమను మోసుకొచ్చి కొండను తాకుతుంది. పైకి ఎక్కేకొద్దీ గాలిపై ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. పొడిగాలి ప్రతి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. చల్లబడిన గాలిలో ఆవిరి నిలవలేక మేఘంగా మారుతుంది. కొండ దాటి ఊరివైపు దిగేటప్పుడు గాలి మళ్లీ వేడెక్కుతుంది, మేఘం ఆవిరైపోతుంది. కింద నిలబడి చూస్తే, అంచు నుంచి పాలలా జారుతున్న మేఘం సగం దారిలోనే మాయమవుతుంది. మేఘం కదలకుండా పడి ఉన్నట్లు అనిపించినా, దాని నీటి తుంపరలు క్షణక్షణం కొత్తవే.

నడివేసవిలో చన్నీళ్లు

అదే ఆగ్నేయపు గాలి సముద్రాన్ని కూడా మారుస్తుంది. ఎండ కాస్తున్న రోజున కేప్ టౌన్ పడమటి తీరాన క్లిఫ్టన్ దగ్గర నీటిలో కాలు పెడితే చీలమండలు కొంకర్లు పోతాయి. గాలి తీరం వెంట ఉత్తరదిశగా వీస్తుంది. భూభ్రమణం వల్ల దక్షిణార్ధగోళంలో కదిలేదేదైనా ఎడమకు మళ్లుతుంది గనుక, పైనీరు ఒడ్డును వదిలి సముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీని పూరించడానికి లోతుల్లోని చల్లని నీరు పైకి ఉబుకుతుంది. దానితోపాటు వచ్చే పోషకాలతో నాచు సూక్ష్మజీవులు, వాటితో చేపలు, చేపలతో పక్షులు వర్ధిల్లుతాయి. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో రొయ్యల్లాంటి క్రిల్‌కు, తిమింగిలాలకు తిండి సమకూర్చేది కూడా ఇలా పైకి వచ్చే లోతునీరే.

ఫాల్స్ బే తీరాన బౌల్డర్స్ బీచ్‌లో ఆఫ్రికన్ పెంగ్విన్లు బండరాళ్ల మధ్య గుడ్లు పెడతాయి. వాటి కంటిపైన ఈకలు లేని గులాబీ రంగు చర్మం ఉంటుంది. ఒళ్లు వేడెక్కితే అక్కడికి రక్తం ఎక్కువగా పారి వేడిని బయటికి వదిలేస్తుంది. మంచు మీద గుడ్డును పొదిగే ఎంపరర్ పెంగ్విన్‌ది దీనికి పూర్తిగా భిన్నమైన అవసరం. వేడిని ఒక్క రవ్వ కూడా వదలకపోవడమే దానికి బతుకు. ఆఫ్రికన్ పెంగ్విన్‌ను 2024లో తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతిగా ప్రకటించారు.

శిఖరాన మంచు జాడ

టేబుల్ మౌంటెన్ అడుగున గ్రానైట్, దానిపై ఇసుకరాయి పొరలు ఉంటాయి. అత్యున్నత స్థలమైన మెక్‌లియర్స్ బీకన్ దగ్గర మాత్రం పలుచని మరో పొర కనిపిస్తుంది. మట్టిలో రకరకాల గులకరాళ్లు కలగలిసి గట్టిపడిన రాయి అది. కొన్ని రాళ్ల మీద గీతలుంటాయి. హిమానీనదం రాళ్లను ఒరుసుకుంటూ ఈడ్చినప్పుడు పడిన గీతలవి. సుమారు 44 కోట్ల ఏళ్ల నాడు ఆఫ్రికా, భారత్, అంటార్కిటికా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు. అప్పుడు ఈ ప్రాంతాన్ని మంచు కప్పింది. తూర్పు కనుమల శిలలకు తూర్పు అంటార్కిటికా శిలలతో ఉన్న పోలిక కూడా ఆ పాత బంధానికి సాక్ష్యమే.

ఫిరంగి పొగ

సిగ్నల్ హిల్ మీద ఆదివారాలు, సెలవురోజులు తప్ప రోజూ మధ్యాహ్నం 12 గంటలకు ఫిరంగి పేలుతుంది. రేవులోని ఓడలు తమ గడియారాలను సరిచూసుకోవడానికి మొదలైన ఆచారం ఇది. నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే కచ్చితమైన గడియారం కావాలి. 4 సెకన్ల తప్పు భూమధ్యరేఖ దగ్గర సుమారు 1.85 కిలోమీటర్ల తప్పుగా తేలుతుంది. ధ్వని ఒక కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. అందుకే నావికులు చప్పుడు కోసం ఆగక పొగను చూసి ముల్లు సరిచేసేవారు.

బూట్లలో గింజలు

కేప్ ప్రాంతంలో దాదాపు 9,000 రకాల మొక్కలున్నాయి. ఫైన్‌బోస్ అనే పొదలతో నిండిన కొండదారుల్లో నడిచి వచ్చాక చేయవలసిన పని ఒకటుంది. మన పొలంగట్ల మీద ఉత్తరేణి గింజలు పంచెకు అంటుకున్నట్లే, ఇక్కడి గింజలు బూటు లేసులకు, చొక్కా మడతలకు, సంచి జేబులకు పట్టుకుంటాయి. 2007-08లో అంటార్కిటికా వెళ్లినవారి దుస్తులను పరీక్షించగా, గింజలు దొరికినవారి వద్ద ఒక్కొక్కరికి సగటున 9.5 గింజలు లెక్కతేలాయి. ఇప్పటికే ఒక పరాయి గడ్డిజాతి ఆ ఖండపు అంచున వేళ్లూనుకుంది. కనుక ఓడ ఎక్కేముందు బూట్లను బ్రష్‌తో రుద్ది కడగాలి, జేబులు తిరగేసి దులపాలి. కోట్ల ఏళ్లుగా వేరుగా ఎదిగిన జీవలోకాన్ని కాపాడడానికి యాత్రికుడు చేయగలిగిన మొదటి మేలు ఇదే.

ఓడ కదిలాక

రేవు దాటిన రెండు మూడు రోజులకు, 40 డిగ్రీల అక్షాంశం దాటాక, అడ్డుకునే భూమి లేని పడమటి గాలులు ఓడను ఊపుతాయి. 50 డిగ్రీల దరిదాపుల్లో ఉత్తరపు వెచ్చని నీరు, దక్షిణపు చల్లని నీరు కలుస్తాయి. ఆ గీత దాటగానే సముద్రపు ఉష్ణోగ్రత కొద్ది దూరంలోనే కొన్ని డిగ్రీలు పడిపోతుంది, పొగమంచు కమ్ముతుంది. సముద్రశాస్త్రపరంగా అంటార్కిటిక్ సముద్రం అక్కడే మొదలవుతుంది. తర్వాత కనిపించేవి తేలే మంచుగడ్డలు, వాటి వెనుక ఖండపు తెల్లని అంచు.