తండ్రి ఓడ కొత్తది, కొడుకు ఓడ పాతది!

మొన్నొక ఆదివారం సాయంత్రం కొత్తపట్నంలో మా ఇంట చిన్న తగవు వచ్చింది. సెలవులు కదా అని మా అబ్బాయి ‘స్టార్ వార్స్’ చిత్రాలను కథ జరిగిన వరుసలో చూస్తున్నాడు. మూడు ముగించి నాలుగోది పెట్టగానే పకపకా నవ్వాడు.

“ఇదేమిటి నాన్నా! తండ్రి కాలంలో ఆకాశనౌకలు అద్దాల్లా మెరిశాయి. కొడుకు పెద్దవాడయ్యేసరికి అన్నీ డొక్కువైపోయాయి! విజ్ఞానం ముందుకు పోతుందా, వెనక్కి పోతుందా?”

ప్రశ్న సబబైనదే. జవాబు కథలో లేదు, క్యాలెండరులో ఉంది. కొడుకు కథ 1977లో వచ్చింది. తండ్రి కథ మొదలైంది 1999లో. కథలో ముందు జరిగినది తయారీలో ఇరవై రెండేళ్లు వెనుక వచ్చిందన్నమాట. మొదటి చిత్రానికి నౌకల బొమ్మలను చేత్తో చేసి, కెమెరాతో మాయ చేశారు. రెండోసారికి నగరాలకు నగరాలనే కంప్యూటరులో సృష్టించే నేర్పు చేతికందింది.

నేర్పు ఒక్కటే కాదు, చూసేవాళ్లూ మారారు. 1966లో టెలివిజనులో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో ఓడ నడిపే గది నిండా బొత్తాలు, రంగు దీపాలు. దానికి సుమారు నూరేళ్ల ముందటి కథగా ‘ఎంటర్‌ప్రైజ్’ను 2001లో మొదలుపెట్టారు. అప్పటికి చాలా దేశాల్లో ఇళ్లలోకే కంప్యూటరు వచ్చేసింది. మళ్లీ ఆ దీపాలే చూపిస్తే “ఇది రేపటి ఓడా, మా తాతగారి రేడియోనా?” అనరూ? రేపటి యంత్రం మన ఇంట్లో ఉన్నదానికన్నా ఒక మెట్టు పైనుంటేనే మనం నమ్ముతాం.

కథకులు సమాధానాలు చెప్పకపోలేదు. 1979 నాటి ‘ఏలియన్’లోది ఖనిజం మోసే ఓడ; దానికి ముందు కథగా 2012లో వచ్చిన ‘ప్రొమీథియస్’లోది కోటీశ్వరుడు డబ్బు పోసిన ఓడ. మిర్చి బస్తాలు మోసే లారీకీ, షావుకారు కారుకీ పోలికేమిటంటారు. బాగానే ఉంది. కాని ‘స్టార్ వార్స్’లో ఆర్‌టూ డీటూ అనే బుల్లి మరమనిషి 2002 చిత్రంలో ఝామ్మని ఎగిరి, 1977 చిత్రంలో ఇసకలో దేకుతుందే! దీనికేం చెబుతారు?

మనకూ ఇలాంటిది లేకపోలేదు. రామాయణంలో చివరి కథ ‘లవకుశ’ 1963లో రంగుల్లో వచ్చింది. మొదటి కథను బాపు ‘సీతాకల్యాణం’గా 1976లో తీశారు. అందులో రవికాంత్ నగాయిచ్ చేసిన గంగావతరణం చూసి జనం నోళ్లు తెరిచారు. దేవతల మహిమ పెరగలేదు. పనివాళ్ల అనుభవం పెరిగింది.

ఇంకో చిత్రం చూడండి. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ ప్రియదర్శిని పేటికలో అభిమన్యుణ్ణి చూస్తుంది. అప్పటికి మన దేశానికి టెలివిజను రాలేదు. ఢిల్లీలో మొదలైంది 1959లో. ఆ పేటికకు బొత్తాలు లేవు, దీపాలు లేవు. ఆనాటి యంత్రం దేన్నీ అనుకరించలేదు కనుక ఈనాటికీ పాతబడలేదు!

ఇంతలో వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. “నవ్వేదేందిరా అబ్బాయ్? డేరా హాల్లో ఇసకలో కూర్చుని ‘లవకుశ’ చూసినప్పుడు, రాముడు కనపడగానే చేతులెత్తి మొక్కాం. మాకది బొమ్మ అనిపించలా!”

వాడి నవ్వు ఆగింది. పాతవాటిని గౌరవించినవారూ ఉన్నారని చెప్పాను. 2016లో వచ్చిన ‘రోగ్ వన్’ కథ 1977 చిత్రానికి సరిగ్గా ముందు జరుగుతుంది. ఆ నిర్మాతలు చేతిలో కొత్త సాధనాలన్నీ ఉండి కూడా, పాత బొత్తాలను, పాత తెరలను పనిగట్టుకుని మళ్లీ తయారు చేయించారు.

మర్నాడు వాడు 1977 చిత్రాన్ని మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి నాయనమ్మ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి అడిగాడు: “కంప్యూటరు బొమ్మలు లేకుండా ఇదంతా ఎలా తీశారు నాన్నా?”

నిన్నటి ప్రశ్నకన్నా ఈ ప్రశ్నే నాకు నచ్చింది.