చెప్పాపెట్టకుండా ఆగిపోయే ల్యాప్‌టాప్

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఐఐటీ, జేఎన్‌యూ రెండూ దగ్గరే కావడంతో ఇక్కడి గదుల్లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో తెలుగు పిల్లలూ తక్కువేం కాదు. 2024 మే చివరివారంలో ఒక రాత్రి, మా పైన డాబా కింది గదిలో ఉంటూ గేట్‌కు చదువుతున్న కర్నూలు కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, మూడు గంటల మాక్ టెస్టు. రెండు గంటలు కాగానే టక్కున ఆగిపోయింది. ఈ వారంలో ఇది నాలుగోసారి. షాపులో మదర్‌బోర్డు పోయిందంటున్నారు."

కొత్త బోర్డుకు షాపువాళ్ళు చెప్పిన ధర అతని రెండు నెలల గది అద్దె. ఇంట్లో అడగలేక నా దగ్గరికి వచ్చాడు. నేను చదివింది ఫిజిక్స్, రిపేరు పని కాదు. అయినా ఒక ప్రశ్న అడగడానికి ఆ చదువు చాలు: ఎప్పుడు ఆగుతోంది?

పగలూ రాత్రీ ఆగుతోంది కానీ తెల్లవారుజామున ఆగడం లేదు. ఆగేముందు ఫ్యాన్ గోల పెడుతుంది. వెంటనే ఆన్ చేస్తే నిమిషాల్లో మళ్ళీ పోతుంది, గంట ఆగి ఆన్ చేస్తే బాగానే నడుస్తుంది. పెట్టేది ఎక్కడ? పరుపు మీద. బోర్డు చెడితే వేళ చూసుకుని చెడదు కదా. ఇది వేడి పని అనిపించింది.

ప్రాసెసర్‌లో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్లు ఉంటాయి. చాలా ల్యాప్‌టాప్ చిప్‌లలో హద్దు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. దాన్ని తాకితే చిప్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కరెంటు కట్ చేస్తుంది, సేవ్ చేసుకోమని చెప్పే వ్యవధి కూడా ఇవ్వదు. తిట్టుకుంటాం కానీ ఇది కాపాడే ఏర్పాటే. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ నడుస్తున్న ప్రాసెసర్ల మీది హీట్‌సింక్‌ను తీసేసి వీడియో తీసింది. పెంటియం 4 నెమ్మదించి బతికింది, ఆనాటి ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి కాలిపోయింది.

చిప్ నుంచి వేడిని మోసుకెళ్ళేది చపటా చేసిన రాగి గొట్టం, హీట్ పైప్. అందులో గాలి తీసేసి కొద్దిపాటి నీరు ఉంచుతారు. పీడనం తక్కువ కాబట్టి ఆ నీరు 100 డిగ్రీలకు చాలా ముందే ఆవిరవుతుంది. ప్రెషర్ కుక్కర్‌కు ఇది తిరగేసిన కథ. ఆవిరి రెండో చివరకు చేరి, అక్కడి సన్నని లోహపు రేకుల దగ్గర వేడిని వదిలి నీరవుతుంది. దీపపు వత్తి నూనెను లాగినట్టు గొట్టం లోపలి పొర ఆ నీటిని వెనక్కి లాగుతుంది. రేకుల మధ్య నుంచి ఫ్యాన్ వేడిగాలిని బయటికి తోస్తుంది. పరుపు మీద పెడితే గాలి లోపలికొచ్చే కింది రంధ్రాలే మూసుకుపోతాయి.

దీనికి ఢిల్లీ ఎండ తోడైంది. ఆ మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. డాబా కింది గది రాత్రిపూట కూడా చల్లబడదు. పని, ఫ్యాన్ వేగం మారకపోతే చిప్‌కూ గదికీ మధ్య తేడా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. 25 డిగ్రీల గదిలో చిప్ 85 దగ్గర నిలిస్తే తేడా 60. గది 40కి చేరితే చిప్ 100కు చేరుతుంది. పైగా వేడెక్కిన ట్రాన్సిస్టర్ల నుంచి కరెంటు లీకేజీ పెరుగుతుంది. అంటే వేడే మరింత వేడిని పుట్టిస్తుంది.

ముందు రెండు పుస్తకాలు వెనక అంచు కింద పెట్టి, గట్టి బల్ల మీద అదే మాక్ టెస్టు నడిపించాం. ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రామ్‌లో అంకె 97 నుంచి 91కి దిగింది. మరునాడు స్విచాఫ్ చేసి మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాం (వారంటీ ఉంటే ఈ పని చేయకండి). ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. మెత్తటి బ్రష్‌తో తీశాం. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

చిప్ మీద థర్మల్ పేస్టు ఎండిపోయి పెళుసుగా ఉంది. ఎంత నునుపైన లోహాల మధ్యైనా కంటికి కనిపించని గాలి ఖాళీలుంటాయి. గాలి రాగి కంటే సుమారు 15 వేల రెట్లు తక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. ఆ ఖాళీలను నింపడమే పేస్టు పని. కొత్తది పూశాక అంకె 78 దాటలేదు.

మూడు రోజుల తర్వాత మళ్ళీ తలుపు చప్పుడు. "అక్కా, కరెంటు పోయింది, ఇదీ పోయింది. 34 శాతం ఛార్జింగ్ ఉంది!" ఈసారి యంత్రం చల్లగానే ఉంది. నేను ఒకే జబ్బు అనుకున్నాను, ఉన్నవి రెండు.

విండోస్ ఈవెంట్ లాగ్‌లో 41 నంబరు ఎర్రర్ ఉంది. దాన్ని చూసి భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్నదే దాని అర్థం, కారణం చెప్పదు. అంతకంటే పనికొచ్చేది బ్యాటరీ రిపోర్టు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సిఎఫ్‌జి అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే అది తయారవుతుంది. అతని బ్యాటరీ కొత్తలో 41 వాట్-అవర్లు, ఇప్పుడు నిండేది 19.

మరి 34 శాతం అబద్ధమా? పూర్తిగా కాదు. లిథియం అయాన్ సెల్ పాతబడితే దాని అంతర్నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకు వరుసగా కలిపిన మూడు సెల్స్ కలిసి 10.8 వోల్టులు ఇస్తున్నాయనుకుందాం, మొత్తం నిరోధం 0.6 ఓమ్. తేలిక పనికి 1 ఆంపియర్ తీస్తే పోయేది 0.6 వోల్టే. బరువైన పనికి 4 ఆంపియర్లు తీస్తే 2.4 వోల్టులు పోయి 8.4 మిగులుతుంది, అంటే ఒక్కో సెల్‌కు 2.8. రక్షణ సర్క్యూట్‌ను 3 వోల్టుల దగ్గర తెంచేలా అమర్చి ఉంటే ఆ క్షణంలోనే తెంపేస్తుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన ఓమ్ సూత్రమే. గేట్‌కు ఎలక్ట్రికల్ రాస్తున్న కుర్రాడు నాకంటే ముందే లెక్క పూర్తి చేసి నవ్వాడు.

బ్యాటరీ ఉబ్బలేదు, అది అదృష్టం. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా వాడటం, ఛార్జింగ్ రెండూ ఆపేయాలి. నొక్కడం, గుచ్చడం అసలే వద్దు, మంటలు రావచ్చు. ఇక యంత్రం చల్లగా ఉండి, ఛార్జర్ పెట్టి ఉన్నా సెకన్లలో ఆగిపోతుంటే అప్పుడు అడాప్టర్‌నో, బోర్డులోని పవర్ సర్క్యూట్‌నో అనుమానించాలి. ముందు అదే రకం వేరే అడాప్టర్‌తో చూసి, ఆ తర్వాతే షాపుకు.

కొత్త బ్యాటరీ ధర మదర్‌బోర్డు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. అతను జూలైలో నెహ్రూ ప్లేస్ వెళ్ళి వేయించుకున్నాడు. అప్పటిదాకా ఛార్జర్ పెట్టుకునే మాక్ టెస్టులు రాశాడు, పరుపు మీద కాదు.