మామూలు ఇంజనా? టర్బో ఇంజనా?

కారు కొనడం ఒక ఎత్తు. కొన్న కారుకు బలం చాలడం లేదని ఇంట్లో పుట్టే రగడ ఒక ఎత్తు. "టర్బో పెట్టిద్దాం నాన్నా" అంటాడు కొడుకు. "ఉన్నదానికేం వచ్చిందిరా?" అంటాడు తండ్రి. ఖర్చెంత అని అడిగేది తల్లి ఒక్కతే. మేము బిల్లులు సరిచూసే గుమాస్తాలమే గాని ఇంజనీర్లము కాము. అయినా ఈ తగవు మా ఇంటికీ వచ్చింది గనుక, నలుగురిని అడిగి, పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్నది చదువరుల ముందు ఉంచుతున్నాము.

ఇంజను పెట్రోలు తాగుతుందని అనుకుంటాము గాని, నిజానికి అది ఎక్కువగా తాగేది గాలిని. ఒక గ్రాము పెట్రోలు సరిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పిస్టను కిందికి దిగినప్పుడు తనంతట తాను ఈ గాలిని పీల్చుకునేది మామూలు ఇంజను. కొలిమితిత్తితో ఊదినట్లు గాలిని బలవంతాన లోనికి తోస్తే అది రెండో రకం. ఆ తిత్తిని ఇంజనుకే బెల్టు కట్టి తిప్పితే సూపర్‌చార్జరు అంటారు. వృథాగా బయటికి పోయే వేడి పొగతో తిప్పితే టర్బో అంటారు. దీనికి స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు.

ఇక్కడే మన ఊళ్ళ సంగతి వస్తుంది. యానాములోను, బరంపురములోను ఉన్న మనవాళ్ళు దాదాపు సముద్రమట్టాన కాపురం ఉన్నారు. బెంగుళూరు, హోసూరు వాళ్ళము సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాము. ఈ ఎత్తున గాలి ఒత్తిడి పదోవంతు తక్కువ. మామూలు ఇంజను బలం కూడా ఇంచుమించు అంత తగ్గుతుంది. ఊటీ 2,240 మీటర్లు. అక్కడ పావువంతుకు దగ్గరగా తగ్గుతుంది. అదే కారు, అదే డ్రైవరు. గాలే పలచబడింది, అంతే. టర్బో ఈ లోటును చాలావరకు పూడుస్తుంది. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమానపు ఇంజనును 14,000 అడుగులకు పైబడిన పైక్స్ శిఖరం మీదికి మోయించి, టర్బో తగిలించి పరీక్షించాడు. కింద నేలమీద ఇచ్చినంత బలమూ అది అక్కడ ఇచ్చింది.

అయితే కొత్త కారు కొనేవారి లెక్క వేరు, పాత కారుకు టర్బో తగిలించేవారి లెక్క వేరు. ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే ఇళ్ళలో ఇంత రగడ.

కొత్త కారు మాట ముందు చూద్దాము. మారుతి ఫ్రాంక్స్ 2023లో వచ్చినప్పుడు ఒకే కారులో రెండు ఇంజన్లు పెట్టి అమ్మారు. 1.2 లీటర్ల మామూలు ఇంజను తిప్పే బలం 113 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 4,400 చుట్ల దగ్గర. 1 లీటరు టర్బోది దాదాపు 148, అదీ 2,000 చుట్లకే. చిన్న ఇంజనే ఎక్కువ లాగుతున్నది! ఘాటు రోడ్డు మీద, నిండు కారుతో లారీని దాటేటప్పుడు ఈ తేడా కాలికి తెలుస్తుంది. ఊళ్ళో సిగ్నలు నుంచి సిగ్నలుకు పోయేవాడికి దీని అవసరం అంతగా కనబడదు. పైగా టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది గనుక నూనె విషయంలో దానికి పట్టింపు ఎక్కువ. చెప్పిన నూనె చెప్పిన వేళకు మార్చాలి. ఘాటు ఎక్కి దిగిన వెంటనే తాళం తియ్యకుండా ఒక నిమిషం ఊరకే తిరగనివ్వాలి.

ఇక పాత కారుకు టర్బో తగిలించడం. మామూలు ఇంజను గాలిని పది పన్నెండు రెట్లు నొక్కేటట్లు కట్టబడి ఉంటుంది. అప్పటికే అంత నొక్కే చోటికి ఇంకా గాలి కూరితే వేడి పెరిగి, పెట్రోలు వేళకు ముందే భగ్గుమని అంటుకుంటుంది. లోపల టకటకమని కొట్టుడు మొదలవుతుంది. మెకానిక్కులు నాకింగు అనేది దీన్నే. అది ముదిరితే పిస్టను కరుగుతుంది, గాస్కెట్టు పోతుంది. అది రాకుండా పిస్టన్లు మార్చాలి, పెట్రోలు చిమ్మే ఏర్పాటు మార్చాలి, కంప్యూటరును తిరిగి దిద్దాలి. ఆపైన క్లచ్చి, రేడియేటరు, బ్రేకులు! టర్బో ధర చూసి సంబరపడేవారు ఈ జాబితా చూడరు.

కంపెనీవాళ్ళే కట్టినప్పుడు కూడా ఇది తేలిక కాలేదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో కార్లలో ఒకటి. నాకింగు రాకుండా నీళ్ళు, మిథనాలు కలిపిన ద్రవం చిమ్మే ఏర్పాటు అందులో ఉండేది. ఆ సీసా నింపడం యజమానులు మరిచిపోయేవారు. చివరకు చాలా కార్లకు టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించారు.

చట్టం మాట కూడా ఉన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. సుప్రీం కోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏటి సవరణతో ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమావాడు ఈ మార్పునే పట్టుకుంటాడు సుమా!

అందుచేత పాత కారున్నవారికి మేము చెప్పేది ఒకటే. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్పించండి. టైర్లలో గాలి చూడండి. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూపించండి. పోయిందనుకున్న బలంలో కొంత ఇక్కడే దొరుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు దించడానికి మనవాళ్ళకు మొగమాటమెందుకో! ఇంజను కాస్త అరిస్తే అరవనివ్వండి. పెద్ద సైలెన్సరు బిగిస్తే వచ్చేది చప్పుడే గాని బలం కాదు.

అప్పటికీ చాలదనిపిస్తే, ఆ డబ్బు దాచి, పుట్టుకతోనే టర్బో ఉన్న కారు కొనండి. ట్రయలుకు వెళ్ళేటప్పుడు ఒక్కరే పోవద్దు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, ఏసీ వేసి, మీ ఊళ్ళో ఉన్న నిట్రమైన మెరక ఎక్కించి చూడండి. షోరూము కుర్రవాడు చదును రోడ్డు మీద చూపే పరుగు లెక్కలోకి రాదు.